అంతరిక్షనౌకలో అట్టపెట్టెలు

పోలేరమ్మ కువైట్‌లో ఇరవై ఏళ్లకు పైగా వంట చేసింది. చివరి కొన్నేళ్లు ఒక అంతరిక్షనౌకలో కూడా చేసింది. మొదటి సంగతి ఆమె ఊళ్లో అందరికీ తెలుసు. రెండోది తెలిసినవాళ్లం కొద్దిమందిమే. మేమూ బయట చెప్పలేదు. చెబితే ముందు మా తలకాయలకు పరీక్ష చేయిస్తారు.

ఆమె నాకు తెలిసింది ఆమె తమ్ముడు మునీంద్ర వల్ల. అబూ హలీఫాలో మేముండే బిల్డింగుకు అతను హారిస్, అంటే వాచ్‌మన్. కాపలా, నీళ్ల మోటారు, లిఫ్టు, అద్దెవాళ్ల తగాదాలు, అన్నీ అతని నెత్తినే. నా భార్య వసుమతి ఇక్కడి స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఉద్యోగం మానేశాక నేను ఆమె జీతం మీద పుస్తకాలు చదువుకుంటున్నాను. శుక్రవారం పొద్దున కిందికి దిగి లిఫ్టు పక్క బెంచీ మీద చదువుకోవడం నా అలవాటు. పోలేరమ్మకు సెలవు కూడా శుక్రవారమే. తమ్ముడికి ఏదో ఒకటి వండి, డబ్బాలో పెట్టుకుని, జాబ్రియాలో బస్సెక్కి వచ్చేది. మనిషి పొట్టి, గట్టి. మెల్లగా మాట్లాడినా మూడో అంతస్తుకు వినపడేది. ఆ గొంతు వింటూ చదవడం కుదరదు కాబట్టి నేను పుస్తకం మూసి ఆమెనే వినేవాణ్ణి.

ఆమెది రాయచోటి పక్క పల్లె. కూతురు వెంకటేశ్వరి పలక పట్టే వయసులో ఉండగా ఇక్కడికి వచ్చింది. పిల్లను అవ్వ పెంచింది. ఆ పిల్ల పెద్దమనిషి అయినప్పుడు పోలేరమ్మ లేదు, పది పాసయినప్పుడు లేదు. పెళ్లికి మాత్రం సెలవు మీద వెళ్లి, వాకిట్లో వేసిన పందిరి విప్పకముందే తిరుగు విమానం ఎక్కింది. మొదట్లో పెద్ద పెద్ద కుటుంబాల్లో పనిచేసి, చివరికి జాబ్రియాలో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ ఇంట్లో కుదురుకుంది.

ఇక్కడ పనివాళ్లు ఇంటి యజమానురాలిని మామా అంటారు. ఈ మామా ఒకప్పుడు భూగోళం టీచరు. భర్త పోయాడు. పిల్లలు పెళ్లిళ్లయి వేరే ఇళ్లలో ఉన్నారు. రిటైరయిన రోజు నుంచీ ఆమె ఒక పెద్ద నవల రాస్తోంది. కెప్టెన్ సైఫ్ అనే వీరుడు తన మనుషులతో నౌకలో బయల్దేరి, దారి తప్పి, నక్షత్రాల మధ్య యుద్ధాలు చేసుకుంటూ సొంత గ్రహానికి తిరిగి రావడం కథ. రాసింది వినే ఓపిక పిల్లలకు లేదు. అందుకని సాయంత్రం చాయ్ వేళకు కాగితాలు తెచ్చుకుని వంటింట్లో కూర్చుని పోలేరమ్మకు వినిపించేది. పోలేరమ్మకు ఏ భాషలోనూ చదవడం రాదు. అరబ్బీ వినడం, మాట్లాడటం మాత్రం బాగా వచ్చు.

మొదటి రోజు చదివింది నౌక బయల్దేరిన అధ్యాయం. పోలేరమ్మ వంకాయల్లో అన్నం కూరుతూ అంతా విని, అంతమందికి వంట ఎవరు చేస్తారని అడిగింది. మామా ఆ సంగతి ఆలోచించలేదు. మర్నాడు నౌకలోకి వంటమనిషి వచ్చింది. పోలేరమ్మ అన్న పేరు మామాకు నోరు తిరగక మొదటి నుంచీ బోలా అని పిలిచేది. నౌకలో వంటమనిషి పేరు కూడా బోలానే.

ఆ తర్వాత డ్రైవరు జుమా వచ్చాడు. కెప్టెన్ సైఫ్ శత్రురాజు కోటలో చొరబడి ఒక అధ్యాయమంతా కత్తి తిప్పితే, పోలేరమ్మ మాత్రం ఆయన్ని కోట దాకా తెచ్చి దింపిన మనిషి ఏమయ్యాడంది. ఆ గ్రహానికి రెండు సూర్యుళ్లు. ఆ మనిషిని ఎండలో నిలబెట్టినారా, నీడన్నా చూపించినారా, నీళ్లన్నా పోసినారా? మామా అతనికి ఒక పేరు, ఒక గొడుగు ఇచ్చింది. అంతటితో ఆగలేదు. ఎండాకాలంలో నడిమధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ ప్రభుత్వ నియమం. అదే నియమం ఆకాశంలో కూడా ఉండాలని పోలేరమ్మ పట్టుబట్టింది. రెండు సూర్యుళ్లున్న చోట మధ్యాహ్నం రెండుసార్లు వస్తుంది. రెండో సంపుటంలోని మహాయుద్ధం రోజుకు రెండుసార్లు ఆగేది. రెండు పక్షాల సైనికులూ కత్తులు పక్కన పెట్టి ఒకే నీడలో కూర్చుని మజ్జిగ తాగేవారు. ఆ యుద్ధం ఎవరు గెలిచారో ఇప్పటికీ తేలలేదు. మామా మర్చిపోయింది. పోలేరమ్మ అడగలేదు.

ఇలా ఒక్కొక్కరే వచ్చి చేరారు. యుద్ధం అయ్యాక నేల కడిగే నూరా, తలుపులు తీసే ముసలాయన, సైనికుల బట్టలు ఇస్త్రీ చేసేవాడు. మూడో సంపుటం సగానికి వచ్చేసరికి కెప్టెన్ సైఫ్ దాదాపు మాట్లాడటం మానేశాడు. ఎప్పుడైనా ఒక తలుపులోంచి వచ్చి ఇంకో తలుపులోంచి పోయేవాడు. ఆయన గురించి ఎందుకు అడగవని నేనొకసారి పోలేరమ్మను అడిగాను.

"ఆయప్పకేం సారూ," అంది. "పుస్తకమే ఆయప్పది. ఏమన్నా అయితే అందురూ చూస్తారు."

నేను చిన్నప్పటి నుంచీ నవలలు చదువుతున్నాను. వాటిలో తలుపు తీసినవాళ్లు ఒక్కరూ నాకు గుర్తు లేరు.

పోయిన చలికాలంలో వెంకటేశ్వరి నెల తప్పింది. మొదటి కానుపు పుట్టింట్లో, తల్లి చేతుల మీద జరగాలి. పోలేరమ్మ కట్టించిన ఇల్లుంది, అవ్వ ఉంది. తల్లి మాత్రం జాబ్రియాలో ఉంది. మిగతా అన్నిటికీ లేకపోయినా ఈ ఒక్కదానికి ఉండి తీరాలని ఆమె నిశ్చయించుకుంది. మామా కూడా కాదనలేదు. మూడో సంపుటం చివర నౌక ఇల్లు చేరుతుంది, ఆ తర్వాత తాను కొడుకు దగ్గరికి వెళ్లిపోతుంది, పుస్తకం ముగిసిన రోజే ఇక్కడ ఉండే అనుమతి, ఇఖామా, రద్దు చేయించి టిక్కెట్టు చేతిలో పెడతానంది. ముందే పంపించమని పోలేరమ్మ ఒకసారి అడిగి చూసింది. మామా కోప్పడలేదు. కొంచెం నొచ్చుకుంది. ఇంతకాలం విని చివరిది వినకుండా పోతావా అంది. సరే, వినే పోతానంది పోలేరమ్మ. అయినా భయమేమీ లేదు. కానుపుకు ఇంకా టైముంది, నౌకకు ఒక్క అధ్యాయం దూరముంది.

ఆ ఒక్క అధ్యాయం చదివిన సాయంత్రమే పొరపాటు జరిగింది. నౌకలో వాళ్లంతా కిటికీల దగ్గర మూగి, దూరంగా నీలంగా కనబడే తమ గ్రహాన్ని చూసి ఏడుస్తున్నారు. పోలేరమ్మ కూడా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఒత్తుకుంటూనే, ఇన్నేండ్లకు ఇండ్లకు పోతున్నారు గదా, ఉత్త చేతుల్తో పోతారా అని అడిగింది.

మామా కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

ఇక్కడ పనిచేసే మనవాళ్లెవరూ పెట్టె కట్టకుండా ఊరికి పోరు. పాలపొడి డబ్బాలు, దుప్పటి, సబ్బులు, తలనొప్పి మందు, టార్చిలైటు, ఖర్జూరాలు. అట్టపెట్టె కట్టడం నెలరోజుల ముందు మొదలవుతుంది. పైన టేపు చుట్టి, తాడు బిగించి, అన్ని పక్కలా పేరు, ఊరు పెద్ద అక్షరాలతో రాస్తారు. ఇది పోలేరమ్మ చెప్పగానే మామాకు ఒళ్లు పులకరించింది. మర్నాడు నౌకలో పెట్టెలు కట్టడం మొదలైంది. అంతరిక్షం నుంచి ఇంటికి ఏం పట్టుకెళ్తారని మామా అడిగితే పోలేరమ్మ నిజాయితీగా ఆలోచించి చెప్పింది. చీకట్లో వెలిగే రాళ్లు పిల్లలకు, చందమామల మీద నేసిన దుప్పట్లు ముసలివాళ్లకు. సరుకు చౌకగా ఎక్కడ దొరుకుతుందో జుమాకు తెలుస్తుంది, డ్రైవరు కాబట్టి. దాంతో జుమా నౌకను వెనక్కి తిప్పాడు. సొంత గ్రహం కనబడుతున్న నౌక ఎక్కడో తగ్గింపు ధరల గ్రహానికి ఎదురు ప్రయాణం కట్టింది.

అక్కడ అందరూ కొనుక్కున్నాక బరువు ఎక్కువై నౌక కదల్లేదు. పెట్టెలు తూచారు. తీసేయమంటే ఎవరూ ఒక్క సబ్బు కూడా తీయలేదు. బరువైన కోట్లన్నీ ఒకదాని మీద ఒకటి ఒంటికే తొడుక్కుని తూకం తప్పించుకోబోయారు. కెప్టెన్ సైఫ్ చాలాకాలం తర్వాత నోరు తెరిచి, మనిషికి ఒక్క పెట్టేనని ఆజ్ఞ వేశాడు. ఆయన మాట ఎవరూ వినలేదు. మామా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ రాయలేదట. అధ్యాయం తర్వాత అధ్యాయం వచ్చిపడుతోంది.

మునీంద్ర ఇదంతా విని మా బెంచీ ముందు తల పట్టుకున్నాడు.

"అక్కా, నీ నోరే నీకు పగ. వాళ్లు ఉత్త చేతుల్తో పోతే నీకేమి, మోసుకుంటా పోతే నీకేమి? ఆడెవురూ లేరు. అంతా ఆయమ్మ రాసిందే."

"లేరని నాకు తెల్దా," అంది పోలేరమ్మ. "లేనోళ్లయితే మాత్రం ఉత్త చేతుల్తో పంపిస్తామా?"

ఇక ఏమీ అడగనని చివరికి తమ్ముడికి మాటిచ్చింది. ఆ వారం చదివినవన్నీ విని, బాగుంది మామా, ఖలాస్ అంటూ వచ్చింది. మామాకు అనుమానం వచ్చింది. ఏం బాగుందని అడిగితే, అంతా బాగుందని జవాబు. నువ్వేమీ అడగలేదంటే ఇందులో ఎవరికీ ప్రాణం లేదన్నమాట అని మామా ఆ కాగితాలన్నీ చింపేసింది. అడిగితే కథ పెరుగుతోంది, అడక్కపోతే వెనక్కి పోతోంది. అవతల వెంకటేశ్వరికి నెలలు నిండుతున్నాయి. వస్తావో రావో తేల్చి చెప్పు, లేకుంటే అత్తగారింటికి పోతానని ఫోన్లో ఏడ్చింది. ఆ మాట చెబుతున్నప్పుడు పోలేరమ్మ గొంతు మూడో అంతస్తుకు కాదు గదా, నాక్కూడా సరిగా వినపడలేదు.

ఆ శుక్రవారం లిఫ్టు పక్కన ముగ్గురం కూర్చుని ఆలోచించాం. నవలలు చదువుతాను కాబట్టి నన్నూ సలహా అడిగారు. కథ పెళ్లితో అయినా ముగియాలి, చావుతో అయినా ముగియాలి అన్నాను. పెళ్లి వద్దన్నాడు మునీంద్ర. పెళ్లంటే పిలుపులు, వంటలు, అలకలు, అక్క నోరు ఊరుకోదు, ఇంకో నాలుగు సంపుటాలు పడతాయి. ఒక పెద్ద బండరాయి వచ్చి నౌకకు తగిలితే ఒక్క పూటలో అయిపోతుందని తేల్చాడు. పోలేరమ్మ చాలాసేపు డబ్బా మూత తీసి పెడుతూ కూర్చుంది. చివరికి సరేనంది.

మామాకు ఆ ఆలోచన మొదట నమ్మశక్యం కాలేదు. అందరూనా అని అడిగింది. అందరూ అంది పోలేరమ్మ. బోలా కూడానా అంది మామా. అక్కడ పోలేరమ్మ కాస్త తటపటాయించింది. బోలా ఒక్కతే మిగిలితే చచ్చినవాళ్లందరి దినాలకూ వండి వార్చాల్సింది ఆమే, అది మళ్లీ ఒక సంపుటం. అందుకని, బోలా కూడా అంది.

మామా రెండు రోజుల్లో రాసేసింది. చాలా బాగా రాసిందని పోలేరమ్మే ఒప్పుకుంది. రాయి వచ్చి తగిలే సమయానికి జుమా పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. నూరా మార్కరుతో పేరు రాస్తోంది. బోలా తాడు ముడి బిగిస్తోంది. అధ్యాయం అయిపోగానే పోలేరమ్మ పొయ్యి ఆర్పి, తన గదిలోకి వెళ్లి తలస్నానం చేసి వచ్చింది. జుట్టు ఎందుకు తడిగా ఉందని మామా అడిగింది. చావు కబురు వింటే తలకు పోసుకోవాలి, మాది ఆ పద్ధతి అంది పోలేరమ్మ. ఎవరి చావు అంటే బోలా చావు అంది. బోలా అంటే నువ్వే కదా అంది మామా. అయితే ఇంగా తప్పదు గదా అని పోలేరమ్మ మళ్లీ పొయ్యి వెలిగించింది.

వీరుణ్ణి చంపడానికి మాత్రం మామాకు చేయి రాలేదు, అందుకని మిగిలింది కెప్టెన్ సైఫ్ ఒక్కడు. ఆయన ఒక చిన్న పడవలాంటి దాన్లో ఇల్లు చేరుకోవడమే తరువాయి. మామా మాట తప్పలేదు. ఇఖామా పని ఆఫీసు మనిషికి అప్పగించింది. టిక్కెట్టు కొని, కాగితం ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం బిళ్ల కింద పెట్టింది. పోలేరమ్మ రోజూ ఫ్రిజ్ తీసినప్పుడల్లా దాన్ని తడిమి చూసుకునేది.

చివరి పేజీలు గురువారం సాయంత్రం చదివింది. కెప్టెన్ సైఫ్ దిగాడు. డప్పులు మోగాయి. రాజు కౌగిలించుకున్నాడు. మామా కాగితాలు సర్ది, ఖలాస్ అంది. పోలేరమ్మ ముందు జాగ్రత్తగా నోట్లో రెండు ఖర్జూరాలు పెట్టుకుని విన్నదట. ఖర్జూరాలు కరిగిపోయాయి. నోరు ఖాళీ అయింది.

"పెట్టెలు?" అంది.

నౌక ముక్కలైనా అట్టపెట్టెలు చెక్కుచెదరలేదని, పేర్లతో సహా ఆకాశంలో తేలుతూ ఉండిపోయాయని మామా కథ అందం కోసం ఒక వాక్యం రాసుకుంది. ఆ వాక్యం పోలేరమ్మను నిద్రపోనివ్వలేదు. ఇక్కడ ఎవరైనా పోతే, అతని గదిలోవాళ్లు అతను సగం కట్టిన పెట్టెను పూర్తిగా కట్టి, ఆ పక్కకు ముందు ఎవరు పోతుంటే వాళ్లకు అప్పగిస్తారు. పట్టుకెళ్లినవాడు తన పెట్టె విప్పకముందు ఆ పెట్టె ఆ ఇంట్లో దించాలి. మహబూలాలో గుండె ఆగిపోయిన చిన్నపుల్లయ్య పెట్టెను మునీంద్ర అట్లాగే తీసుకెళ్లాడు. నౌకలో వాళ్ల దారినే ఇంటికి వెళ్లినవాడు కెప్టెన్ సైఫ్ ఒక్కడే. ఆయన పెట్టెలన్నీ వదిలేసి రాజును కౌగిలించుకుంటే ఎట్లా అని పోలేరమ్మ బాధ.

మామా చదివిన కాగితాలు పక్కకు నెట్టింది. తర్వాత లేచి, తెల్లకాగితాల కట్ట తెచ్చుకుని, నాలుగో సంపుటం అంది. కెప్టెన్ ఇల్లిల్లూ తిరిగి పెట్టెలు ఇస్తాడు, ఇది నా పుస్తకాలన్నిటిలోకీ గొప్పది అవుతుంది, నువ్వు లేకుండా నాకు రాదు అంది. ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి బిళ్ల కింద నుంచి టిక్కెట్టు తీసింది. కొంచెం వెనక్కి జరుపుదాం, కొంచెమే, అంది.

పోలేరమ్మ అప్పుడు చెప్పిన మాటలు నాకు మర్నాడు బెంచీ మీద అరబ్బీలో ఒకసారి, తెలుగులో ఒకసారి వినిపించింది.

"మామా, ఆ ఇండ్లు నువ్వు చూసినావా? చూళ్లేదు. నేను మాత్రం యాడ చూసినా? యాండ్లకొకసారి పోతి, సుట్టం మాదిరి కూసోని వస్తి. వాకిట్లో పెట్టె దించితే లోపల్నుంచి ముందు ఎవురొస్తారు, ఎవురు ఏడుస్తారు, వచ్చినాయప్పను యాడ కూసోబెడతారు, నాకే సరిగా తెల్దు. నా బిడ్డ యా చెయ్యితో తింటాదో అడిగితే గూడా నేను చెప్పలేను. ఈడ్నే ఉండి నీకేం చెప్పేది? నన్ను పోనియ్. పోయి చూసి, ఫోన్లో చెప్తా."

మామా ఒక చేతిలో టిక్కెట్టు, ఇంకో చేతిలో తెల్లకాగితాలు పట్టుకుని వంటింట్లో అటూ ఇటూ నడిచింది. ప్రతి సాయంత్రం చాయ్ వేళకు ఫోను చేస్తాను, ఎత్తుతావా అని అడిగింది. ఎత్తుతానంది పోలేరమ్మ. మామా టిక్కెట్టు ఆమె చేతిలో పెట్టింది.

పోలేరమ్మ వెళ్లిన వారం లోపలే వెంకటేశ్వరికి నొప్పులు వచ్చాయి. సాయంత్రం పోలేరమ్మ ఆస్పత్రి వరండాలో మిగతా ఆడవాళ్ల మధ్య బల్ల మీద కూర్చుని ఉండగా ఫోను మోగింది. మాటిచ్చింది కాబట్టి ఎత్తింది. వరండా గోలలో వినపడక స్పీకరు పెట్టింది. జాబ్రియా వంటింట్లోంచి మామా గొంతు రాయచోటి వరండా అంతా నిండింది. కెప్టెన్ సైఫ్ జుమా పెట్టె నెత్తిన పెట్టుకుని జుమా ఇంటి వాకిట్లో నిలబడ్డాడు. అదేం మంత్రమని పక్కావిడ అడిగింది. పోలేరమ్మ తెలుగులో చెప్పింది. వరండాలో అందరూ దగ్గరికి జరిగారు.

ఇదంతా మాకు మునీంద్ర ఫోన్లో తెలిసింది. ఆ ఇంట్లో ఆయనకు అన్నం పెట్టాలా వద్దా అని వరండాలో రెండు పక్షాలయ్యాయట. పెట్టాల్సిందేనని కొందరు, మైల ఇంట్లో మెతుకు ముట్టకూడదు, మంచినీళ్లే ఇవ్వాలని కొందరు. నీళ్లు ఇచ్చారు. తాగాక ఆయన లేవాలి. లేస్తే ఏమని లేస్తాడు? అట్లాంటి ఇంట్లోంచి వచ్చేటప్పుడు పోయొస్తానని చెప్పకూడదు, ఆ సంగతి వరండాలో అందరికీ తెలుసు. చెప్పకుండా లేచిపోవడానికి ఆయన కెప్టెనాయె, మర్యాద తెలిసినవాడాయె. నీళ్ల గ్లాసు చేత్తో పట్టుకుని చాప మీద అట్లాగే కూర్చుండిపోయాడు. అవతల మామా ఏం రాయాలో చెప్పమని అడుగుతోంది. ఇవతల ఆడవాళ్లు పోట్లాడుకుంటున్నారు. అప్పుడే నర్సు బయటికి వచ్చి, వెంకటేశ్వరి తాలూకు ఎవరని పిలిచింది.

"మామా, ఆయప్పను కూసోబెట్టు," అని పోలేరమ్మ ఫోను పక్కావిడ ఒళ్లో పడేసి లోపలికి పరిగెత్తింది.

ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారు. బొడ్డు కోసిన పిల్లను ముందు ఎత్తుకున్నది పోలేరమ్మే.

ఆ తర్వాత చాయ్ వేళకు ఎన్నిసార్లు మోగినా ఆమె ఫోను ఎత్తలేదు. పిల్లకు నలుగు పెట్టి నీళ్లు పోయడం, తల్లికి కారం ముద్దలు, ధూపం, ఆ ఇంట్లో ఎవరికీ ఊపిరాడటం లేదట. మామా ఆగలేక మునీంద్ర నంబరు సంపాదించి అతనికే ఫోను చేసింది. కెప్టెన్ ఇంకా అక్కడే ఉన్నాడు, బోలా ఏమందో కనుక్కోమంది. మునీంద్ర నా ముందే అక్కకు ఫోను కలిపాడు. వెనక పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

"పురుడు అయ్యేదాకా ఆయప్పను కదిలించొద్దని చెప్పు," అంది పోలేరమ్మ. "ఇప్పుడు నాకు చేతులు ఖాళీ లేవు."

మునీంద్ర ఆ మాట జాబ్రియాకు అందించాడు. మామా సరేనందట. ఆ సాయంత్రం కెప్టెన్ సైఫ్‌కు ఒక దిండు, ఒక దుప్పటి రాసి ఇచ్చిందట.